నూరగా నూరగా

బెంజి సర్కిలు నుండి బందరు రోడ్డు పట్టుకొని, పటమట దాటి, ఆటోనగరు గేటులో అడుగిడినవానికి మొదట వినబడునది సుత్తిమోత. పిమ్మట తెలియవచ్చునది కాలిన డీజిలు, వెల్డింగు పొగ, కొత్తరంగు కలగలిసిన వాసన. కన్ను ఆ యెండకును ఆ రద్దీకిని అలవాటుపడిన తరువాతగాని తెలియనిది, ఆ వీథుల నిండ ఎడతెగక జరుగుచున్న ఒరపిడి. ఒక షెడ్డులో కమాను పట్టీలు అరిగినవి. ఒక షెడ్డులో బ్రేకు లైనర్లు అరిగినవి. వేరొకచోట రింగులు అరిగి ఇంజను ఆయిలు త్రాగుచున్నది. దాని ప్రక్కనే, అరిగిన క్రాంకు నొకదానిని గ్రైండింగు మిషను మీది కెక్కించి, ఇంకను కొంత అరగదీసి, మరల నునుపు తెచ్చుచున్నారు. అరుగుట చేత చెడినదానిని అరగదీసియే బాగుచేయుట ఆ పేట విద్య. లారీ బాడీలు కట్టువారు మొదలు బ్యాటరీ దుకాణములవారి వరకు పని తెలిసినవారెందరో అక్కడ గలరు గాని, ఒరపిడి యొక్క గుణదోషములు ఇంజను మేస్త్రీకి తెలిసినట్లు మరియొకరికి తెలియవని నా యభిప్రాయము.

అట్టి మేస్త్రీ యొకరు ఒకనాటి మధ్యాహ్నము సిలిండరు హెడ్డును బల్లమీద వెల్లకిల పెట్టి వాల్వులు నూరుచుండగా ప్రక్కనున్న స్టూలుపై కూర్చుండి చూచితిని. చిన్న డబ్బాలోని బూడిదరంగు పేస్టు వ్రేలికొనతో తీసి వాల్వు అంచునకు పూసి, రబ్బరు కప్పు తగిలించిన కొయ్యపుల్లను దాని తలకు అంటించి, ఆ పుల్లను రెండరచేతుల నడుమ నుంచి కవ్వము చిలికినట్లు అటునిటు త్రిప్పుచు, నడుమ నడుమ పైకెత్తి పావు చుట్టు మరలించి తిరిగి దించుచు, ఆయన పని సాగించుచుండెను. ఆ పేస్టు గ్రీజులో కలిపిన కార్బొరండము పొడి. ముందు గరుకుది, పిమ్మట నున్ననిది. మొదట గరగరలాడిన ధ్వని క్రమముగ మెత్తబడి, తుదకు గుసగుసగా మారినది.

“ఎంతసేపు తిప్పాలి మేస్త్రీగారూ?” అని అడిగితిని.

“గడియారం చూసి చేసే పని కాదండీ. చప్పుడు మారిద్ది, చేతికి తెలిసిద్ది. ఇదిగో, ఈ బూడిదరంగు గీత చుట్టూ తెగకుండా వచ్చిందంటే వాల్వు కూర్చున్నట్టు. అయితే ఒకటండీ, వాల్వు ఒక్కటే అరగదు. సీటూ అరిగిద్ది. కొత్తోళ్లు ఆ సంగతి మర్చిపోయి రుద్దేస్తారు.”

వాల్వు కూర్చుండు ఆ సీటు మాట నా మనస్సున నాటుకొనిపోయినది. ఏలయన, నేడు ప్రపంచమున పెక్కు ప్రయోగశాలలలో రసాయనజ్ఞులు గాజుకుప్పెలను, ద్రావణులను ప్రక్కకు నెట్టి, ఉక్కుజాడీలలో గుండ్లు వేసి పొడులను నూరుచు, ఆ నూరుట చేతనే ఉత్ప్రేరకములను తయారుచేయు విద్య నొకదానిని సాధించుచున్నారు. యాంత్రిక రసాయనము అని దాని పేరు. ఆ విద్యలోని బలమును, దానిలోని చిక్కును కూడ మేస్త్రీ ఒక్కమాటలో చెప్పివేసినాడని నాకు తోచినది.

ఉత్ప్రేరకమన నేమి? పాలకు తోడు వంటిదని కొందరందురు. ఆ పోలిక నాకు రుచింపదు. తోడు తానును పెరుగై పెరిగిపోవును, ఉత్ప్రేరకము పెరుగదు, తరుగదు. విజయవాడవారికి దీనికంటె దగ్గరి యుపమానము చిట్టినగరు సొరంగము. కొండకు ఈ వైపున నున్నవాడు ఆ వైపునకు పోవలెనన్న కొండ యెక్కి దిగవలెను, లేదా చుట్టు తిరుగవలెను. సొరంగము త్రవ్విన పిదప కొండ యెత్తు తగ్గలేదు, రెండు పేటలును కదలలేదు, సొరంగమును ఖర్చయిపోలేదు, కాని ప్రయాణము సులభమైనది. రసాయనచర్యల లోకములో ఉత్ప్రేరకము చేయు పని ఇట్టిదే. వనస్పతి డబ్బాలోని గడ్డనూనె నికెలు పొడి చలువ. డెల్టా రైతు చల్లు యూరియాకు మూలమైన అమ్మోనియా ఇనుము చలువ. కారు సైలెన్సరుకు ముందుభాగమున తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ యొకటి దాగియుండి, ప్లాటినము, పల్లాడియము, రోడియము అను ముగ్గురు ఘనుల సాయమున ఇంజను విడిచిన విషవాయువులను కొంతవరకు నిర్విషము చేయుచున్నది. మనదేశమున 1995 ఏప్రిలులో నాలుగు మహానగరములలోని కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్-6 నిబంధనలు వచ్చిన పిమ్మట లారీల క్రిందను ఇట్టి డబ్బాలు సర్వసాధారణమై, ఆటోనగరు మేస్త్రీలు యూరియా నీళ్ల ట్యాంకును గూర్చియు సెన్సర్లను గూర్చియు కొత్త పాఠములు నేర్చుకొనవలసివచ్చినది.

ఇంత పుణ్యకార్యము చేయు వస్తువు ఎట్లు పుట్టుచున్నదో విచారించినచో కొంత విస్మయము కలుగును. వాడుకలో నున్నది తడి మార్గము. లోహమును ఆమ్లములో కరగించి నైట్రేటు లవణముగ మార్చవలెను. ఆ లవణమును నీటిలో కలిపి, సీరియము ఆక్సైడు వంటి ఆధారపదార్థమును దానిలో నానబెట్టవలెను, లేదా క్షారము పోసి రెంటిని కలిపి విరుగగొట్టవలెను. వడగట్టి, మరల మరల కడిగి, ఆరబెట్టి, కొన్ని వందల డిగ్రీల కొలిమిలో గంటల కొలది కాల్చవలెను. కడిగిన నీరు నైట్రేట్లతో కాలువ పాలగును. కాల్చునపుడు ఆ నైట్రేట్లు విరిగి గోధుమరంగు నైట్రోజను ఆక్సైడుల పొగ వెడలును. కారు గొట్టమునుండి వచ్చు ఏ నైట్రోజను ఆక్సైడులను చంపుటకై ఈ దిమ్మ పుట్టుచున్నదో, ఆ పొగయే దాని పురిటిగదిలో లేచుచున్నది! కర్మాగారములవారు దానిని పట్టి శుద్ధి చేయుదురనుట నిజమే; ఆ శుద్ధికి మరల ఖర్చు, మరల యంత్రము.

హరిత రసాయనమను మాట పుట్టినది ఇట్టి వైపరీత్యములను చూచియే. 1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నరు అను అమెరికనులు పండ్రెండు సూత్రములుగ దానిని గ్రంథస్థము చేసిరి. పుట్టిన వ్యర్థమును శుద్ధిచేయుటకంటె పుట్టకుండ జూచుట మేలను మాట వానిలో మొదటిది, ఉత్ప్రేరకములను వాడుడను మాట తొమ్మిదవది. అంతకు పూర్వమే, 1992లో, రోజరు షెల్డను అను రసాయనజ్ఞుడు ఒక సులువైన కొలతను ప్రతిపాదించెను: కిలో సరకునకు ఎన్ని కిలోల వ్యర్థము? చమురు శుద్ధిలో ఆ లెక్క 0.1 లోపు, మందుల పరిశ్రమలో 25 నుండి 100, ఒక్కొక్కప్పుడు అంతకు మించి. మందుల తయారీలో వాడు సామగ్రి బరువులో, నీటిని మినహాయించి, 80 నుండి 90 పాళ్లు ద్రావణులే. హైదరాబాదు ప్రక్కన పటాన్‌చెరు, నక్కవాగు కథ తెలిసిన తెలుగువారికి ఈ అంకెలు వట్టి అంకెలు కావు. అచ్చటి మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిను ఉన్నదని 2007లో స్వీడను పరిశోధకులు ప్రకటించిరి.

కనుక ద్రావణి లేకుండ రసాయనము చేయగలమా అను ప్రశ్న పుట్టినది. దానికి ఉత్తరము మన పూర్వుల పెరటిలోనే యున్నది.

ఆయుర్వేద రసశాస్త్రమున కజ్జలి యను పదార్థమొకటి గలదు. శుద్ధిచేసిన పాదరసమును, గంధకమును నల్లరాతి కల్వములో వేసి నూరుదురు. వెండివలె మెరయు పాదరసము, పచ్చని గంధకము నూరిన కొలది తమ రూపములను కోల్పోయి కాటుక వంటి నల్లని మెత్తని పొడియగును; అందుచేతనే ఆ పేరు. పని పూర్తియైనదా లేదా యని తెలిసికొనుటకు వైద్యులు పెట్టుకొన్న పరీక్షలు ముచ్చటైనవి: పొడిని వ్రేళ్ల నడుమ రుద్దినచో చర్మపు గీతలలోనికి దిగవలెను, అరచేత తడిపి ఎండకు పట్టినచో ఒక్క మెరుపైనను తోపకూడదు. మెరుపు తోచెనేని పాదరసము ఇంకను విడిగా నున్నదన్నమాట. నిప్పు లేదు, నీరు లేదు. రాతి మీద రాయి తిరిగినది, పాదరసము సల్ఫైడుగ మారినది. (పాదరసము విషము; ఇంటిలో నూరి చూడదగినది కాదని ఈ సందర్భమున చెప్పుట నా విధి.) ఈ విద్యకు ఆద్యుడని చెప్పబడు రససిద్ధ నాగార్జునుని కృష్ణాతీరపు నాగార్జునకొండతో ముడిపెట్టుట మనవారికి ప్రీతి; బౌద్ధాచార్యుడైన నాగార్జునుడు వేరు, రసవాది వేరు అని పండితులు తలచుచున్నారు. ఆ వివాదము నిట నుంచుదము.

ఆశ్చర్యమేమన, ఇదే పాదరసముతో యవనదేశమున సరిగా దీనికి విలోమమైన పని జరిగినది. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దివాడైన థియోఫ్రాస్టసు రాళ్లను గూర్చి వ్రాసిన గ్రంథమున, పాదరసపు సల్ఫైడైన ఇంగిలీకమును పులిసిన ద్రాక్షరసముతో కలిపి రాగిరోటిలో రాగిరోకటితో నూరినచో పాదరసము వెడలునని చెప్పెను. మనవారు నూరి కలిపిరి, వారు నూరి విడదీసిరి. విడదీసినదెవరు? రోలే! రాగి గంధకమును తాను పట్టుకొని పాదరసమును వదలివేసినది. ఆటోనగరు మేస్త్రీ చెప్పిన సీటు సంగతి రెండువేల యేండ్లకు పూర్వమే యొక రోటిలో జరిగియున్నది.

తరువాత యుగముల రసాయనము రోటిని మరచినది. కరగనిది కలియదని పండితులు నమ్మిరి; కుప్పె, కొలిమి, బట్టీ రాజ్యమేలినవి. నడుమ కొందరు మాత్రము ఊరక యుండలేదు. 1820లో మైకేల్ ఫారడే సిల్వరు క్లోరైడును జింకు వంటి లోహములతో కల్వములో నూరి వెండిని రాబట్టెను. ఫిలడెల్ఫియా నగరవాసి కేరీ లీ 1890 దశకమున ఇంకను సూక్ష్మమైన సంగతి నొకదానిని బయటపెట్టెను: మెర్క్యురిక్ క్లోరైడును వేడిచేసినచో విరుగక ఆవిరియై యథాతథముగ మరల పేరుకొనును, దానినే కల్వములో నూరినచో కొంత విరిగిపోవును. సిల్వరు క్లోరైడును వేడిచేసినచో విరుగక కరగును, నూరినచో నల్లబడును. ఇది చిన్న సంగతి కాదు. నూరుట యనగా రాపిడి వలన పుట్టిన వేడి మాత్రమే యని యెవరైన ననినచో, ఈ ప్రయోగము వారి నోరు మూయించును. వేడి చేయలేని పనిని రాయి చేసినది. ఈ శాస్త్రమునకు యాంత్రిక రసాయనమని పేరు పెట్టినవాడు విల్‌హెల్ము ఆస్ట్‌వాల్డు. ఉత్ప్రేరకములపై పరిశోధనకు 1909లో నోబెలు బహుమతి నందినవాడును ఆయనయే.

నూరుటలో నిజముగ జరుగుచున్నదేమి? అగ్గిపుల్లను తీసికొందము. పుల్ల తలలోని పొటాషియము క్లోరేటు, పెట్టె ప్రక్కనున్న యెఱ్ఱభాస్వరము, రెండును విడివిడిగ సాధువులే. గీచిన క్షణమున ఒకదాని రేణువు మరియొకదానితో ఒరసికొనుచోట పుట్టు చర్యయే మంట. గుండ్ల జాడీలో ఇట్టి గీతలు క్షణమునకు వేనవేలు. రెండు గుండ్లు ఢీకొనిన చోట చిక్కిన పొడి క్షణములో అత్యల్పభాగము నలిగి, మిక్కిలి వేడెక్కి, వెంటనే చల్లారును. జాడీని ముట్టిచూచిన మాత్రము గోరువెచ్చగానే యుండును. వేడి యొక్కటియే గాదు. స్ఫటికము పగిలినప్పుడు దాని లోపలి పరమాణువులు అకస్మాత్తుగ బయటబడి, తోడు కోల్పోయిన చేతులతో ఎదుటివానిని పట్టుకొన జూచును. వరుస తప్పిన పరమాణువులు, ఖాళీ స్థానములు, వంగిన పొరలు పేరుకొనిపోవును. సాధారణ పరిశ్రమలో ఇవి దోషములు. ఉత్ప్రేరకమున మాత్రము ఈ దోషములే పనిచేయు తావులు. అందుచేతనే నూరి చేసిన ఉత్ప్రేరకమునకు ఒకానొక చురుకుదనము వచ్చుచున్నది.

వైశాల్యము మాట సరేసరి. అంగుళములో సగము కంటె తక్కువ, ఒక సెంటిమీటరు భుజము గల ఘనమును తీసికొనుడు. దాని ఉపరితలము 6 చదరపు సెంటిమీటర్లు. దానినే మీటరులో పదికోట్లవవంతు భుజము గల ఘనములుగ ఖండించినచో మొత్తము ఉపరితలము 600 చదరపు మీటర్లగును. ఆటోనగరు లెక్కలో చెప్పవలెనన్న, చిటికెడు సరకునుండి ఏడువందల గజముల జాగా పుట్టినది. పల్లాడియము వంటి ఖరీదైన లోహమున ఎంత జాగా తెరచిపెట్టగలిగిన అంత ఆదాయము.

ఇక యంత్రముల సంగతి. జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారములలో క్లింకరును నూరు గుండ్ల డ్రమ్ములు బాల్ మిల్లులని మనవారికి తెలిసినవే. ఆ డ్రమ్మును ఎంత వేగముగ త్రిప్పిన నంత మంచిదని తోచును గాని, అట్లు కాదు. ఒక మీటరు వ్యాసము గల డ్రమ్ము నిమిషమునకు సుమారు 42 చుట్లు దాటినచో గుండ్లు గోడకు అతుక్కొని దానితోబాటే తిరుగును. పడుట లేదు, దెబ్బ లేదు, నూరుటయు లేదు. వేగము పెరిగిన కొలది పని పెరుగునను నమ్మకమును ఒక గుండ్ల డ్రమ్ము ఇంత సులువుగ పడగొట్టుట చూడ నాకు ముచ్చట వేయును. ఈ హద్దును దాటుటకై ప్రయోగశాలలలో గ్రహగతి మిల్లు వచ్చినది: పళ్లెము ఒక దిక్కునకు తిరుగును, దానిమీది జాడీలు సూర్యుని చుట్టు గ్రహములవలె తిరుగుచు తమచుట్టు తాము వ్యతిరేకదిశలో తిరుగును, గుండ్లు భూమ్యాకర్షణకు ఎన్నోరెట్ల బలముతో పడును. వేరొక జాతి మిల్లులో చిన్నజాడీ సెకనునకు ముప్పదిమార్లు అటునిటు ఊగును.

ఈ మిల్లుల గొప్పతనము మొదట తెలిసినది రసాయనజ్ఞులకు గాదు, లోహకారులకు. 1960 దశకమున అమెరికాలో ఒక నికెలు కంపెనీ ప్రయోగశాలలో జాన్ బెంజమిను విమాన ఇంజనులకు తగిన మిశ్రమలోహమును కరగించకయే, పొడులను గుండ్లతో నూరి సాధించెను. గుండ్ల నడుమ నలిగిన లోహపు రేణువులు చపాతీలవలె సాగి, ఒకదానిపై నొకటి అతికి, మరల విరిగి, మరల అతికి, పొరలు పొరలై, తుదకు పొరయను మాటకే అర్థము లేనంతగ కలిసిపోవును. ఈ విద్యకు ప్రామాణిక గ్రంథములను వ్రాసినవారిలో మన తెలుగువారు ముందున్నారనుట అతిశయోక్తి గాదు. బుడరాజు శ్రీనివాసమూర్తిగారు తమ గురువు ఎస్. రంగనాథన్‌గారితో కలిసి 1998లో యాంత్రిక మిశ్రలోహీకరణముపై వ్రాసిన సమీక్ష, కృష్ణాజిల్లా చల్లపల్లిని ఇంటిపేరున ధరించిన చల్లపల్లి సూర్యనారాయణగారు 2001లో ప్రకటించిన 184 పుటల సమీక్ష, నేటికిని ఈ రంగమున అడుగిడు విద్యార్థి మొదట తెరచు పొత్తములు. శ్రీనివాసమూర్తిగారు 2019లో హైదరాబాదు ఐఐటీకి అధిపతియైరి. ఐదారు లోహములను సమభాగములుగ కలుపు ఉన్నత ఎంట్రోపీ మిశ్రలోహములపై ఆయన చేసిన కృషి ప్రసిద్ధము. అట్టి మిశ్రలోహములలో బంగారము, వెండి, ప్లాటినము, పల్లాడియము, రాగి కలిపినదానిని అతిశీతలమున నూరి, కార్బను డయాక్సైడును పనికివచ్చు వస్తువులుగ మార్చు ఉత్ప్రేరకముగ మనదేశపు ఐఐటీ పరిశోధకులే 2020లో వాడిచూపిరి. లోహకారుని మిల్లు ఆ విధముగ రసాయనజ్ఞుని ఇంటికి వచ్చినది.

ఇప్పటి పనులలో రెండింటిని దగ్గరగ చూచుట మంచిది. జర్మనీలో మ్యూల్‌హైము నగరమందలి మాక్స్ ప్లాంకు సంస్థలో ఫెర్డి ష్యూత్ బృందమువారు 2019లో ఒక సాహసము చేసిరి. లోహపు ముతక పొడిని, ఆధారముగ నుండవలసిన ఆక్సైడు పొడిని జాడీలో వేసి నూరిరి. లవణము లేదు, ద్రావణి లేదు, కాల్చుట లేదు. నూరిన కొలది లోహము నానోమీటర్ల రేణువులై ఆధారముపై పరచుకొన్నది. తడి మార్గపు పలు మెట్లు ఒక్క మెట్టయినవి.

రెండవది విజయవాడ వీథులకు ఇంకను దగ్గరది. మన ఆటోలు చాలవరకు సీఎన్‌జీతో నడచుచున్నవి. సీఎన్‌జీ యనగా ప్రధానముగ మీథేను. ఇంజనులో కాలగా మిగిలిన మీథేను బయటపడినచో, నూరేండ్ల లెక్కన, కార్బను డయాక్సైడు కంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించును. ఆ మీథేనో మొండిఘటము. దాని బంధములు తెంచుట మామూలు కన్వర్టరుకు కష్టము. ఇటలీలోని ఊడీనే విశ్వవిద్యాలయమున అలెస్సాండ్రో ట్రొవరెల్లి బృందమువారు పల్లాడియము పొడిని సీరియము ఆక్సైడుతో కలిపి, నీటిబొట్టు లేకుండ, ఒకే మెట్టులో నూరి చేసిన ఉత్ప్రేరకము, అదే సరకును తడి మార్గమున చేసినదానికంటె మీథేనును మిన్నగ కాల్చినదని 2018లో ప్రకటించిరి. సూక్ష్మదర్శినిలో చూడగా పల్లాడియము వేరు గుళికలుగ గాక సీరియముతో పెనవేసికొని కనబడినది. ద్రావణము నుండి దిగిన లోహము ఆధారముపై కూర్చుండును. గుండు దెబ్బతో దిగిన లోహము దానిలో నాటుకొనును. కుంకుడు చెట్టుపై వాలిన కాకికిని, మానులో దిగిన మేకునకును గల భేదమిది. ఆ సీరియము మూలఖనిజమైన మోనజైటు మన తూర్పుతీరపు ఇసుకలో నున్నదను సంగతి కూడ ఇచట గుర్తు చేసికొనదగినది.

అమ్మోనియా విషయమున జరిగిన ప్రయోగము ఇంకను విచిత్రము. హేబరు, బాష్ పద్ధతిలో సుమారు 450 డిగ్రీల వేడి, 200 వాతావరణముల పీడనము కావలెను. 2021లో దక్షిణ కొరియా ఉల్సాను నగర శాస్త్రజ్ఞులు ఇనుపపొడిని గుండ్లతో నూరుచు నైట్రోజనును, పిమ్మట హైడ్రోజనును పంపి, 45 డిగ్రీలలో, మామూలు పీడనమున అమ్మోనియా పుట్టించిరి. గుండు తగిలిన ప్రతిసారియు ఇనుము మీద కొత్త గాయము పుట్టును. ఆ గాయమున నైట్రోజను విడిపోవును. ఉత్ప్రేరకము తయారగుటయు, పనిచేయుటయు ఒకే జాడీలో ఒకేసారి. ఇది ఇంకను ప్రయోగశాల దాటలేదు. యూరియా బస్తా ధర దీనివలన రేపే తగ్గునని డెల్టా రైతునకు ఎవరును వాగ్దానము చేయరాదు.

ఇప్పుడు సీటు సంగతికి వత్తము. జాడీ ఉక్కుదైన, గుండ్లు ఉక్కువైన, గంటల కొలది నూరిన పిమ్మట పొడిలో ఇనుము, క్రోమియము చేరకుండునా? పచ్చడిలో రోటిరాతి పలుకు చేరకుండునా? ఉత్ప్రేరకముల లోకమున ఇది రుచిమాత్రపు దోషము గాదు. నూటికొక పాలు పల్లాడియముతో పని నడపుచోట, తెలియక చేరిన ఇనుపరజను కథనే మార్చివేయును. తాను కనుగొన్న కొత్త ఉత్ప్రేరకమే ఘనమైనదని పరిశోధకుడు మురియుచుండగా, నిజముగ పనిచేసినది జాడీ గోడ కావచ్చును. అందుచేత జిర్కోనియా గుండ్లు, అగేటు జాడీలు, టంగ్‌స్టను కార్బైడు వచ్చినవి. ఒక్కొక్కదాని అరుగుదల ఒక్కొక్క విధము. సూర్యనారాయణగారి సమీక్షలోను ఈ కల్తీ చర్చ యున్నది. యాంత్రిక రసాయన పత్రమును చదువునపుడు ఫలితముల పట్టికకు ముందు, గుండు దేనితో చేసినదో చూచుట నాకు అలవాటు.

కాని దోషమును గుణముగ మార్చుకొనుటయు మానవుని నేర్పే. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయమున జేమ్సు మ్యాకు, ఉత్ప్రేరకపు పొడి వేయుట మాని, జాడీనే రాగితో చేయించి చర్యలను నడపించెను. జర్మనీలో లార్సు బోర్కార్టు బృందము 2019లో పల్లాడియపు గుండునే జాడీలో వేసి, మందుల తయారీలో పేరుపొందిన సుజుకి చర్యను పొడిగ నడపినది. పని ముగిసిన పిమ్మట గుండును తీసి తుడిచి మరల వాడుకొనవచ్చును, వడగట్టి తీయవలసిన ఉత్ప్రేరకమే లేదు. థియోఫ్రాస్టసు రాగిరోలు మరల వచ్చినదన్నమాట.

చిక్కులు ఇంకను గలవు. అతిగ నూరినచో జియోలైటు వంటి సూక్ష్మరంధ్రములుగల పదార్థముల రంధ్రములు కూలిపోయి వట్టి పిండియగును. చాలును అనుట ఎప్పుడో తెలియవలెను. మేస్త్రీకి చెవి చెప్పును. శాస్త్రజ్ఞునకు జాడీ లోపల నేమి జరుగుచున్నదో చిరకాలము కనబడలేదు. 2013లో గాని ఫ్రాన్సులోని గ్రెనోబులు సింక్రోట్రాను నుండి అధికశక్తి ఎక్స్-కిరణములను ఊగుచున్న జాడీ గుండ పంపి, చర్య నడచుచుండగనే చూడగల విద్య సాధ్యము కాలేదు. మెత్తని లోహపుపొడి గాలి తగిలిన మాత్రమున అంటుకొనవచ్చును. అల్యూమినియము రజను వంటివానితో చెలగాటము పనికిరాదు. మిల్లు మోతయు, కరెంటు ఖర్చును తీసివేయదగినవి గావు. ద్రావణి ఖర్చు మిగిలినదని సంతసించి విద్యుత్తు లెక్క దాచుట హరితము గాదు. చిన్నజాడీలో గ్రాములు నూరినంత సులువుగ టన్నులు నూరుట కుదరదు గనుక, జంటస్క్రూల యంత్రము వైపు పరిశ్రమ చూచుచున్నది. మన నూనెమిల్లులలో ఎక్స్‌పెల్లరును చూచినవారికి దానిని వర్ణింపనక్కరలేదు: ఒకవైపు గింజలు పోయుదురు, స్క్రూ నలుపుచు నెట్టుకొనిపోవును, రెండవవైపు పిండి, నూనె వచ్చును. ఇందులో ఒకవైపు రెండు పొడులు పడును, రెండవవైపు కొత్త పదార్థము ఎడతెగని తాడుగ వెడలును. బెల్ఫాస్టులో స్టూవర్టు జేమ్సు బృందము ఇట్లు లోహ-కర్బన చట్రములను కిలోల లెక్కన వెడలించినది; ఆ చట్రముల విద్యకే 2025 రసాయన నోబెలు దక్కినది.

మనయింటి సంగతి కొంత చెప్పవలెను. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బి. ఎం. చౌదరి, మన్నేపల్లి లక్ష్మీకాంతంగారల బృందము, మెగ్నీషియము, అల్యూమినియము హైడ్రాక్సైడుల పొరల నడుమ పల్లాడియము నిలిపి, 2002లో ప్రపంచము మెచ్చిన ఉత్ప్రేరకమును సాధించినది. ఆ పొరల పదార్థము వాడుకలో నీటిలో విరుగగొట్టి చేయునది. దానినే రెండు హైడ్రాక్సైడులను పొడిగ నూరి, పిమ్మట కొద్దిపాటి నీరు చిలికి మరల నూరి పుట్టింపవచ్చునని జపానులోని తొహోకు పరిశోధకులు చూపిరి. ఈ రెండు విద్యలను కలుపు చేయి తెలుగునాట తప్పక యుండవలెను. ముడిసరకు మాటయా, డెల్టాలో వడ్లమిల్లు లేని యూరెక్కడ? ఊక కాల్చిన బూడిదలో నూటికి 85 పాళ్లకు మించి సిలికా యుండును. ఉత్ప్రేరకములకు ఆధారపీఠముగ సిలికా చిరపరిచితము. మిల్లువారు గోతులలో పోయుచున్న ఆ బూడిద, నూరువాడు దొరికిన, బూడిదగ మిగిలియుండదు.

మేస్త్రీ వద్ద సెలవు తీసికొని వచ్చుచు దారిలో ఒక పాతయినుము దుకాణము ముందు ఆగితిని. కోసి విప్పిన కారు సైలెన్సరు డబ్బా నుండి తేనెపట్టు దిమ్మ యొకటి ఊడి నేలమీద పడియుండెను. చేతికి తీసికొంటిని. లక్షమైళ్ల పొగ త్రాగిన దిమ్మ. గళ్లు కొన్ని మూసుకొనిపోయినవి, అంచున పట్టుకొన్నచోట సుద్దవలె రాలి అరచేత లేతపసుపు పొడి మిగిలినది. ఆ దిమ్మలో కొద్ది గ్రాముల పల్లాడియము, ప్లాటినము ఎక్కడనో దాగియున్నవి. వానికొరకే దీనిని కొనువారున్నారు. త్రాసు దగ్గరి కుర్రవాడు నా చేతి వంక చూచి నవ్వెను.

“అది బొంబాయి, ఢిల్లీ పోద్దండీ. ఇనుం కంటే దీనికే రేటెక్కువ. ఆళ్లు దీన్ని ఏం జేసుకుంటారో మరి?”

“ముందు నూరుతారు,” అంటిని.